క్షుద్రవిద్య అంటే అసలు అర్థం ఏమిటి? కనిపించని శక్తులను ఎందుకు నమ్ముతాం?

గట్టుమీది_పిట్ట · సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదివి వెళ్ళిపోయేవాడినే తప్ప ఇక్కడ రాసింది తక్కువ. ఒక మాటకు అర్థం తెలుసుకుందామని వచ్చాను. అకల్ట్ అనే ఇంగ్లీషు మాటను ఒకరు గుప్తవిద్య అంటారు, ఇంకొకరు క్షుద్రవిద్య అంటారు. గుప్తం అంటే దాచినది. క్షుద్రం అంటే నీచమైనది. రెండూ ఒకటి ఎలా అవుతాయి? దానికి తోడు చేతబడి, బాణామతి, ఉపాసన, అంజనం, సోది అన్నిటినీ ఒకే గంప కింద కమ్మేసి మాట్లాడుతున్నారు. కాస్త విడదీసి చెప్పగలరా?

నువ్వు నమ్ముతావా అంటే, పగలు నమ్మను. రాత్రి కరెంటు పోయినప్పుడు అడగకండి.

పాత_పంతులు · సోమవారం రాత్రి 10:25

మంచి చోట పట్టుకున్నారు. లాటిన్ మూలంలో ఆ మాటకు మరుగున ఉన్నది, కప్పి ఉంచినది అని మాత్రమే అర్థం. అందులో మంచీ లేదు, చెడూ లేదు. చంద్రుడు ఒక నక్షత్రానికి అడ్డం వచ్చి దాన్ని కాసేపు కనబడనీయకపోతే ఖగోళ శాస్త్రంలో నేటికీ ఆ ధాతువు నుంచి వచ్చిన మాటే వాడుతారు. దానికి ‘ఇజం’ అనే తోక మాత్రం 19వ శతాబ్దంలో వచ్చింది. ఫ్రాన్సులో చర్చి చదువు మధ్యలో వదిలేసిన ఎలీఫా లెవీ దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1870లలో బ్లావట్‌స్కీ అనే రచయిత్రి చేతుల మీదుగా ఇంగ్లీషులో స్థిరపడింది.

మన ‘క్షుద్ర’లో తీర్పు ముందే ఉంది. అల్పం, నీచం. వాళ్ళ మాట ‘ఇది దాచి ఉంది’ అంటుంది, మన మాట ‘ఇది చేసేవాడు అల్పుడు’ అంటుంది. ఒకటి వస్తువు సంగతి, రెండోది మనిషి సంగతి. అనువాదకులు ఈ తేడా చూసుకోకుండా ఒకదాని స్థానంలో ఇంకొకటి వేసేశారు.

ఇంతకన్నా సరైన మాట మన నోట్లోనే రోజూ నానుతోంది: అదృష్టం. దృష్టం కానిది, అంటే కంటికి కనబడనిది. లాటరీ తగిలినవాడిని అదృష్టవంతుడు అంటున్నాం గానీ, వైశేషికం అనే పాత దర్శనం సూత్రాల్లో సూది అయస్కాంతం వైపు జరగడానికి కూడా అదృష్టమే కారణం అన్నారు. సూదికి లాటరీ తగిలిందని కాదు, కారణం కనబడటం లేదని. యజ్ఞకర్మలను విచారించే మీమాంసకులకు ఇలాంటిదే ఇంకో చిక్కు వచ్చింది. యజ్ఞం ఇవాళ ముగిసిపోతుంది, ఫలం ఎప్పుడో వస్తుంది. ఈ మధ్యకాలంలో ఆ ఫలాన్ని మోసుకుపోయేది ఏది? దానికి ‘అపూర్వం’ అని పేరు పెట్టుకున్నారు.

వైండింగు_బాబ్జీ · సోమవారం రాత్రి 10:31

పంతులు గారూ, మోటారులో కరెంటు కూడా కనిపించదు కదండీ. ఈ లెక్కన ముప్పై ఏళ్ళుగా నేనూ క్షుద్రోపాసకుడినే.

పాత_పంతులు · సోమవారం రాత్రి 10:50

నవ్వులాటకు అన్నారు గానీ ఆ మాట న్యూటన్‌నే అన్నారు. సూర్యుడు అంత దూరం నుంచి, మధ్యలో ఏ తాడూ లేకుండా భూమిని ఎలా లాగుతాడు, ఇది మళ్ళీ పాత గుప్తగుణాలను వెనక్కి తేవడమే అని జర్మన్ తత్వవేత్త లైబ్నిజ్ దెప్పిపొడిచాడు. న్యూటన్ రసవాదం మీద రహస్యంగా బండెడు కాగితాలు రాసుకున్న మాట కూడా నిజమే. కానీ ఆకర్షణ విషయంలో ఆయన ఒక పని చేశాడు. ఎంత దూరంలో ఎంత బలమో లెక్క ఇచ్చాడు. ఆ లెక్క తప్పితే ఎవరైనా పట్టుకోవచ్చు. మీ కరెంటుకు మీటరు ఉంది బాబ్జీ గారూ, చేతబడికి లేదు.

శ్రీచరణధూళి · మంగళవారం ఉదయం 6:05

సాధన చేసేవాడిగా ఒక అభ్యంతరం. తంత్రం అనగానే ఎముకలు, పుర్రెలు, నిమ్మకాయలు చూపించడం సినిమాల పుణ్యం. షట్కర్మలు అని ఆరున్నాయి: శాంతి, వశ్యం (లొంగదీసుకోవడం), స్తంభనం (కదలనీయకపోవడం), విద్వేషణం (పగ పెట్టడం), ఉచ్చాటనం (తరిమేయడం), మారణం (చంపడం). మొదటిది శాంతి అన్నది గమనించండి. జనం నోట్లో మాత్రం చివరిదే మిగిలింది. మంత్రాన్ని గుప్తంగా ఉంచేది అర్హత కోసం, పరీక్ష పాసైనవాడికే లైసెన్సు ఇచ్చినట్టు. మా గురువుగారు ఉపదేశం ఇవ్వడానికి ముందు నన్ను నాలుగేళ్ళు తిప్పారు. ఒక్క రూపాయి తీసుకోలేదు. రహస్యమైనదంతా క్షుద్రం కాదని మనవి.

నైట్‌డ్యూటీ · మంగళవారం ఉదయం 7:50

ధూళి గారూ, మీ గురువుగారి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ డ్యూటీ దిగి రాస్తున్నాను కాబట్టి కాస్త కటువుగా ఉంటే మన్నించండి. నేను పనిచేసే చోటికి ‘గాలి సోకింది’ అని తెచ్చిన పిల్లల్లో చాలామందికి ఉన్నది మూర్ఛ. మాత్ర వేసుకుంటే అదుపులో ఉండే జబ్బు. మా దగ్గరికి వచ్చేసరికి నుదుటిన వాత ఉంటుంది, మెడలో రెండు మూడు తాయెత్తులు ఉంటాయి, ఇంట్లో ఒక మేక తగ్గి ఉంటుంది.

ఆడపిల్లల వసతిగృహంలో ఒకమ్మాయి అరిచి పడిపోతే, సాయంత్రానికి పదిమంది పడిపోవడం కూడా చూశాను. అది నటన కాదు, దయచేసి ఆ మాట అనకండి. భయంలో ఊపిరి వేగంగా తీస్తారు. ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. దానితో మూతి చుట్టూ తిమ్మిరెక్కుతుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి. ఆ కొంకర్లు చూసి పక్కమ్మాయికి భయం. ఒక్కొక్కరిని వేరే గదిలో కూర్చోబెట్టి, నెమ్మదిగా ఊపిరి తీయించి, చుట్టూ మూగిన జనాన్ని పంపేస్తే చాలావరకు సర్దుకుంటుంది. అదే సమయంలో భూతవైద్యుణ్ణి పిలిచి డప్పు కొట్టిస్తే పదిమంది ఇరవై అవుతారు.

పాముమంత్రం సంగతీ ఇంతే. కాటేసిన పాముల్లో చాలావాటికి విషం ఉండదు. విషమున్న పాము కూడా ఒక్కోసారి విషం ఎక్కించకుండానే కరుస్తుంది. అలాంటివాడు ఎలాగూ బతుకుతాడు, పేరు మంత్రానికి వస్తుంది. నిజంగా విషం ఎక్కినవాడు మంత్రం అయ్యాక మా దగ్గరికి వస్తాడు. ఆ మరణం మా లెక్కలో పడుతుంది.

అమావాస్య_చంద్రుడు · మంగళవారం ఉదయం 9:12

అందరూ చదువుకున్నవాళ్ళే, ఒప్పుకుంటాను. కానీ మా తాతయ్య కళ్ళారా చూశారు. గోడ మీద ఉన్నట్టుండి మంట లేచింది. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. సైన్సుకు అన్నీ తెలుసా?

సున్నపుతేట · మంగళవారం ఉదయం 10:40

మీ తాతయ్య గారు నిజమే చెప్పి ఉంటారు. మంట లేచే ఉంటుంది. నేను కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను, ఏటా బడిలో అలాంటి మంట లేపేవాడిని. బావుల్లో వేసే పొటాషియం పర్మాంగనేట్ పొడి మీద నాలుగు చుక్కలు గ్లిసరిన్ పోసి కబుర్లు చెబుతూ ఉంటే కాసేపటికి దానంతట అదే అంటుకుంటుంది. ఆ కాసేపే మంత్రం చదివే సమయం. కత్తికి మందారపూల రసం పట్టించి ఆరబెట్టి నిమ్మకాయ కోస్తే ఎర్రటి రసం కారుతుంది. రక్తం కాదు, పులుపు తగిలితే ఆ రంగు తిరిగే తీరు అది.

ఇవన్నీ తెలుసుకోవడానికి బడికి కూడా పోనక్కరలేదు. మన ఇళ్ళలో దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఏమిటి? పసుపు నీళ్ళలో సున్నం. పెళ్ళికూతురి పారాణీ అదే. ప్రతి తెలుగు ఇల్లాలికీ తెలిసిన రసాయనం అది. ఆమె చేస్తే పారాణి, ఇంకెవరో మన గుమ్మం ముందు పోస్తే ప్రయోగం.

మదనపల్లి_చింతచెట్టు · మంగళవారం మధ్యాహ్నం 1:15

ఇదంతా పల్లెటూరి అజ్ఞానం అన్న ధ్వని వినిపిస్తోంది కాబట్టి మా ఊరి కథ చెబుతాను. పంతులు గారు బ్లావట్‌స్కీ పేరెత్తారు కదా. ఆవిడ, ఆల్కాట్ కలిసి 1875లో న్యూయార్కులో దివ్యజ్ఞాన సమాజం (థియోసాఫికల్ సొసైటీ) పెట్టారు. 1882లో కేంద్రాన్ని మద్రాసు అడయారుకు మార్చారు. అక్కడ ఒక గదిలో ఒక బీరువా. హిమాలయాల ఆవల ఉన్న మహాత్ములు రాసిన ఉత్తరాలు అందులో ప్రత్యక్షమయ్యేవని చెప్పేవారు. నమ్మినవాళ్ళు ఎవరు? జడ్జీలు, దివాన్లు, పట్టభద్రులు. అక్కడ పనిచేసిన దంపతులే బయటపడి అది బూటకమన్నారు. లండన్‌లో ఇలాంటివి పరిశోధించడానికే పుట్టిన ఒక సంఘం హాడ్జ్‌సన్ అనే మనిషిని పంపింది. ఆయన 1885 నివేదిక మోసమని తేల్చింది. నూరేళ్ళ తర్వాత, 1986లో, అదే సంఘం సభ్యుడొకాయన ఆ నివేదిక ఏకపక్షంగా ఉందని రాశారు. కాబట్టి ఆ జగడం ఇంకా నడుస్తోందనుకోండి.

నాకు నచ్చే భాగం దీని తర్వాతది. 1895లో మా మదనపల్లిలో పుట్టిన పిల్లవాడిని 1909లో అడయారు సముద్రపు ఒడ్డున ఆ సమాజం పెద్దల్లో ఒకడైన లెడ్‌బీటర్ చూశాడు. ఆ పిల్లవాడి చుట్టూ దివ్యకాంతి కనబడిందన్నాడు. లోకగురువుకు ఈ శరీరమే వాహకం అన్నారు, సంఘం పెట్టారు, ఆస్తులు రాసిచ్చారు. 1929లో నెదర్లాండ్స్‌లోని ఒమెన్‌లో వేలమంది భక్తుల ఎదుట జిడ్డు కృష్ణమూర్తి లేచి నిలబడి ఆ సంఘాన్ని రద్దు చేసేశాడు, ఆస్తులు తిరిగి ఇచ్చేయించాడు. గుప్తశక్తికి పాత్ర కమ్మని పెంచితే, ఆ పాత్రే నేను కాదు పొమ్మంది. అంత నిబ్బరం నాకు ఇంకెక్కడా కనబడలేదు.

(చింతచెట్టు అని పేరు పెట్టుకున్నందుకు దయ్యాల గురించి అడగవద్దు. మా పెరట్లో ఉంది, పులుపు బాగుంటుంది, అంతే.)

సన్నజాజి · మంగళవారం రాత్రి 8:30

న్యూజెర్సీ నుంచి. ఇక్కడ అక్టోబరు వస్తే బొమ్మల దుకాణంలోనే ఆత్మలతో మాట్లాడే బోర్డు అట్టపెట్టెలో దొరుకుతుంది. 1891లో దానికి పేటెంట్ తీసుకున్నారు. మా డిగ్రీ హాస్టల్లో మాకు పేటెంట్ లేదు, తలకిందులుగా పెట్టిన స్టీలు గ్లాసు, చాక్‌పీస్‌తో నేల మీద అక్షరాలు. ఒక రాత్రి గ్లాసు కదిలి మా స్నేహితురాలి చనిపోయిన నాన్నగారి పేరు రాసింది. ఆ అమ్మాయి ఏడ్చిన ఏడుపు ఇప్పటికీ చెవుల్లో ఉంది. గ్లాసును నేను నెట్టలేదని ఒట్టేసి చెప్పగలను.

చాలా ఏళ్ళకు తెలిసింది, నేనూ నెట్టానని. 1853లో లండన్‌లో ఆత్మలే బల్లలు తిప్పుతాయనే పిచ్చి ముదిరితే శాస్త్రవేత్త ఫారడే ఒక చిన్న ఉపాయం చేశాడు. చేతులకూ బల్లకూ మధ్య జారే అట్టలు పొరలు పొరలుగా పెట్టాడు. బల్లే మొదట కదిలితే కింది అట్ట ముందు జరగాలి, చేతులు తోస్తే పై అట్ట ముందు జరగాలి. పై అట్టే జరిగింది. కూర్చున్నవాళ్ళు మోసగాళ్ళు కారు, తోస్తున్నామని వాళ్ళకే తెలియదు. మా విషయంలో ఆ పేరు ఆ గదిలో అందరికీ తెలుసు. అందరి వేళ్ళూ ఆ పేరు కోసమే ఎదురుచూస్తున్నాయి. అందరికీ కళ్ళకు గంతలు కట్టి అక్షరాల వరస మార్చి ఉంటే ఏ నాన్నగారూ వచ్చేవారు కాదు.

తెలిశాక ఊరట కలుగుతుందనుకున్నాను. ఆ అమ్మాయి ముఖం గుర్తొచ్చి ఇంకా సిగ్గేసింది.

నిర్వాహకుడు · మంగళవారం రాత్రి 9:05

ఒక కొత్త సభ్యుడు ‘ఇరవై నాలుగు గంటల్లో విరుగుడు, పని అయ్యాకే డబ్బు’ అంటూ ఇక్కడ ఫోన్ నంబరు పెట్టారు. వ్యాఖ్యనూ సభ్యుణ్ణీ తొలగించాను. చర్చ కొనసాగించండి.

నైట్‌డ్యూటీ · మంగళవారం రాత్రి 9:20

పిట్ట గారూ, నిన్నటి నుంచి మీ చప్పుడు లేదు. ఒక మాట అడుగుతాను, ఏమీ అనుకోకండి. కేవలం నిఘంటువు కోసమే అయితే రాత్రి తొమ్మిదిన్నరకు ఇంత ఆదుర్దాగా ఎవరూ అడగరు. ఇంట్లో ఏమైనా జరిగిందా?

గట్టుమీది_పిట్ట · మంగళవారం రాత్రి 11:48

జరిగింది. ఎలా చెప్పాలో తెలియక అర్థం దగ్గర మొదలుపెట్టాను.

మా బాబాయి ఊళ్ళోనే ఉండి వ్యవసాయం చేస్తారు. ఈ ఏడు పొలంలో మోటారు మూడుసార్లు కాలిపోయింది. వానలు పడ్డాక పాడిగేదె ఒక్కరోజులో పోయింది. తర్వాత పిన్నికి నిద్ర పట్టడం మానేసింది. పోయినవారం తెల్లవారుజామున గేటు దగ్గర మూడు నిమ్మకాయలు, కుంకుమ, గుడ్డతో కుట్టిన బొమ్మ కనబడ్డాయి. పక్క మండలం నుంచి ఒకాయనను పిలిపించారు. తమలపాకు మీద అంజనం రాసి పదేళ్ళ పిల్లవాడి చేత చూపించాడు. పేరు చెప్పలేదు. ‘తూర్పు దిక్కు. రక్తసంబంధం. పసుపుకుంకుమలు లేని మనిషి’ అన్నాడు.

మా ఇంటికి తూర్పున ఉండేది మా మేనత్త. మామయ్య పోయాక పుట్టింటి ఊరికే వచ్చి ఇరవై ఏళ్ళుగా ఒక్కతే ఉంటోంది. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. ఇప్పుడు వీధి కుళాయి దగ్గర ఆవిడ బిందె పెడితే మిగతావాళ్ళు తమ బిందెలు తీసేసుకుంటున్నారు. బాబాయి నాకు ఫోన్ చేసి అమావాస్యలోపు ఏదో ఒకటి తేల్చాలి, నువ్వు రా అన్నారు. అమావాస్య ఆదివారం.

ఆవిడ చేయదని నాకు తెలుసు. కానీ బొమ్మ ఎక్కడి నుంచి వచ్చింది?

మంజీర_ఒడ్డు · బుధవారం ఉదయం 5:30

ఇది చదివాక నిద్ర పట్టలేదు, అందుకే ఈ వేళకు రాస్తున్నాను.

మా అమ్మమ్మది పాత మెదక్ జిల్లా. మీరు చేతబడి అన్నదాన్ని అక్కడ బాణామతి అంటారు. నేను ఆరో తరగతిలో ఉండగా సెలవులకు వెళ్ళినప్పుడు మా వీధి చివర ఒక తాత ఉండేవాడు. నోట్లో ఒక్క పన్ను లేదు. ముసలితనం వల్ల అనుకున్నాను. కాదు. నేను పుట్టకముందే ఊళ్ళో ఎవరికో జబ్బు చేస్తే బాణామతి చేశాడని రచ్చబండ దగ్గర కట్టేసి పటకారుతో పళ్ళు పీకేశారు. ఎందుకంటే మంత్రం పారాలంటే అక్షరం స్పష్టంగా పలకాలట. పళ్ళు లేకపోతే మంత్రం తిరగదట. అదే అక్కడి వాడుక. మా ఒక్క ఊళ్ళోనే కాదు, ఆ వైపు చాలా ఊళ్ళలో ఇలా జరిగింది. అంతటితో పోకుండా ప్రాణాలు తీసినవీ ఉన్నాయి. 1980లలో విజయవాడ నాస్తిక కేంద్రం వాళ్ళు డాక్టర్లను వెంటబెట్టుకుని ఆ పల్లెల్లో తిరిగారు.

ఆ తాత చేసిన తప్పు ఏమిటని అమ్మమ్మను అడిగాను. కూలి తక్కువ ఇచ్చారని ఒకసారి నలుగురిలో గట్టిగా అడిగాడంది. అంతకుమించి ఆమెకూ తెలియదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గటక తాగి బతికాడు. మక్క కంకి కాల్చి నాకు ఇచ్చేవాడు. ‘నువ్వు తిను బిడ్డా, నేను చూస్తా’ అనేవాడు.

పిట్ట గారూ, బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందన్నది తర్వాత చూద్దాం. మీ మేనత్త పేరు మీద భూమి ఏమైనా ఉందా?

గట్టుమీది_పిట్ట · బుధవారం ఉదయం 7:02

ఉంది. తాతగారు రాసిచ్చిన డెబ్బై సెంట్లు. బోరు ఆ చెక్కలోనే ఉంది. బాబాయి కౌలుకు చేస్తున్నారు.

ఇది రాస్తుంటే చేయి ఆగిపోయింది. బాబాయి అలాంటి మనిషి కాదండి. నిజంగా భయపడుతున్నారు, గొంతులో తెలుస్తోంది.

మంజీర_ఒడ్డు · బుధవారం ఉదయం 7:20

భయం నిజమే అయ్యి ఉంటుంది. భయం ఎవరివైపు వేలు చూపించిందో చూడమంటున్నాను. పంచాయతీ పెద్దవైపు చూపించలేదు కదా.

పాత_పంతులు · బుధవారం ఉదయం 9:45

ఆఫ్రికాలో, ఇప్పటి దక్షిణ సూడాన్ వైపు, అజాండే అనే జనం ఉన్నారు. 1920లలో ఎవాన్స్ ప్రిచర్డ్ అనే మానవశాస్త్రవేత్త వాళ్ళ మధ్య ఉన్నాడు. వాళ్ళ ధాన్యపు కొట్టాలు గుంజల మీద నిలబడతాయి, ఎండవేళ కింద నీడకు కూర్చుంటారు. అప్పుడప్పుడూ కొట్టం కూలి కింద ఉన్నవాళ్ళ మీద పడుతుంది. గుంజలను చెదలు తిన్నాయని వాళ్ళకు తెలియదా? తెలుసు. మనకెంత తెలుసో అంతా తెలుసు. కానీ సరిగ్గా ఈ మనుషులు కూర్చున్న వేళకే ఎందుకు కూలింది? దానికి చెదలు జవాబు చెప్పవు. అక్కడికి మంత్రవిద్య వస్తుంది.

మీ బాబాయి గారిదీ అదే ప్రశ్న. మోటారు ఎలా కాలిందో మెకానిక్ చెబుతాడు. ‘నాదే ఎందుకు, ఈ ఏడే ఎందుకు’ అన్నదానికి మెకానిక్ దగ్గరా పశువుల డాక్టరు దగ్గరా సమాధానం లేదు. లేదని ఒప్పుకోవడం కష్టం. అంజనం వేసినవాడు ‘ఎందుకు’ను ‘ఎవరు’గా మార్చి చేతిలో పెడతాడు. మొదటి రోజు మీరు అడిగిన తేడా నాకు ఇప్పుడు ఇంకా బాగా అర్థమవుతోంది. గుప్తం అన్నంతవరకు అది తెలియని కారణం. క్షుద్రం అనగానే దానికి ఒక మనిషి దొరకాలి.

సున్నపుతేట · బుధవారం ఉదయం 11:10

అంజనం గురించి ఒక్క మాట. మసి, నూనె కలిపిన నల్లటి మెరుపులోకి పిల్లవాడిని కన్నార్పకుండా చూడమంటే ఏదో ఒక ఆకారం కనబడక మానదు, మబ్బుల్లో ఏనుగు కనబడినట్టు. మిగతాది ప్రశ్నలు వేసేవాడి నేర్పు. పేరు ఆయన చెప్పలేదు, చూశారా? దిక్కు, చుట్టరికం, వైధవ్యం చెప్పి ఊరుకున్నాడు. పేరు మీ ఇంటివాళ్ళే పూరించారు. రేపు పోలీసులు అడిగితే నేనెవరినీ అనలేదంటాడు.

వైండింగు_బాబ్జీ · బుధవారం మధ్యాహ్నం 2:00

మూడుసార్లూ అదే మోటారా? ఆటో స్టార్టర్ ఉందా? ఫ్యూజులో ఏ తీగ వేశారు? మూడు ఫేజుల్లో ఒకటి పోతే మోటారు గుయ్యిమని మూలుగుతుంది, మిగిలిన రెండింటి మీద భారం పడి వైండింగు మాడిపోతుంది. కరెంటు అర్ధరాత్రి వచ్చి ఆటో స్టార్టర్ దానంతటదే వేసేస్తే ఆ మూలుగు వినడానికి పొలంలో ఎవరూ ఉండరు. పొద్దున పోయి చూస్తే బూడిద. నా దగ్గరికి వచ్చే మోటార్లలో ఇదే ఎక్కువ. స్తంభం దగ్గర ఫ్యూజు ఫోటో తీసి పెట్టండి.

కోర్టు_మెట్లు · బుధవారం సాయంత్రం 6:30

చట్టం సంగతి. బీహారులో 1999లో, జార్ఖండ్‌లో 2001లో మంత్రగత్తె అని ముద్ర వేయడమే నేరంగా చట్టాలు చేశారు. మహారాష్ట్రలో మూఢనమ్మకాల మీద పోరాడిన నరేంద్ర దభోల్కర్ ఏళ్ళ తరబడి అడిగినా కదలని చట్టం, 2013 ఆగస్టు 20న పుణేలో ఆయనను కాల్చి చంపిన కొద్దిరోజులకే ఆర్డినెన్సుగా వచ్చింది. కర్ణాటక 2017లో చేసింది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అలాంటి ప్రత్యేక చట్టం రాలేదు. కానీ బెదిరింపు, దాడి, నిర్బంధం, పరువునష్టం మామూలు శిక్షాస్మృతి కిందే నేరాలు. తాయెత్తుతో, మంత్రంతో జబ్బు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి కేంద్ర చట్టం కిందికి వస్తుంది.

మీరు చేయవలసింది అమావాస్యకు ముందే. స్థానిక స్టేషన్‌లో ఆవిడ పేరుతో ఒక రాతపూర్వక అర్జీ ఇప్పించండి. గొడవ మొదలైతే 112. జరిగాక పెట్టే కేసు ఎవరి పళ్ళనూ తిరిగి తేదు.

శ్రీచరణధూళి · బుధవారం రాత్రి 7:15

నిన్న రాసినదాన్ని వెనక్కి తీసుకోను. కానీ ఇది చెప్పాలి. అంజనం వేసి ఒక ఆడమనిషిని వేలెత్తి చూపినవాడు ఏ సంప్రదాయం వాడూ కాడు. మీ బాబాయి గారు సైన్సు మాటలు వినకపోతే నా మాట చెప్పండి: ముప్పై ఏళ్ళుగా జపం చేస్తున్నవాడొకడు ఇది పాపం అన్నాడని. కావాలంటే ఫోనులో నేనే మాట్లాడతాను. పిన్ని గారికి నిద్ర పట్టకపోవడం భయం వల్లనే కావచ్చు. ఇంట్లో లలితా సహస్రం చదివించండి, డాక్టరుకూ చూపించండి.

నైట్‌డ్యూటీ · బుధవారం రాత్రి 7:40

ధూళి గారూ, ఆ వరస తిప్పండి. డాక్టరు ముందు. తర్వాత మీ ఇష్టం, చదివించండి, నేనూ వచ్చి కూర్చుంటాను.

అమావాస్య_చంద్రుడు · గురువారం ఉదయం 8:00

నేను ఇప్పటికీ శక్తులు లేవని అనను. కానీ ఆ పేరు పెట్టుకున్నందుకు ఈ వారం కాస్త ఇబ్బందిగా ఉంది. పిట్ట గారూ, జాగ్రత్తగా వెళ్ళి రండి.

గట్టుమీది_పిట్ట · సోమవారం రాత్రి 10:15

ఊరి నుంచి ఇప్పుడే వచ్చాను. అందరికీ విడివిడిగా జవాబు రాసే ఓపిక లేదు, క్షమించాలి.

బాబ్జీ గారు, స్తంభం దగ్గర ఒక ఫ్యూజులో బండ అల్యూమినియం తీగ చుట్టి ఉంది, రెండోది వదులై నల్లబడి ఉంది. ఫోటో కింద పెట్టాను. లైన్‌మన్ చూసి తల పట్టుకున్నాడు. పశువుల డాక్టరు గొంతువాపు అన్నారు. వానలకు ముందు ఊరంతా టీకాలు వేసిన రోజున బాబాయి పెళ్ళికి వెళ్ళారట, మా గేదెకు పడలేదు.

ఇవి చెబితే బాబాయి విన్నారు. విని, ‘ఆ రోజే ఆ పెళ్ళి ఎందుకు పడాలి’ అన్నారు. పంతులు గారి కొట్టం గుర్తొచ్చింది. నా దగ్గర జవాబు లేదు, లేదనే చెప్పాను.

శనివారం అత్తయ్యను తీసుకుని స్టేషన్‌కు వెళ్ళి అర్జీ ఇచ్చాం. అది తెలిసి అంజనం ఆయన ఆదివారం రాలేదు. ధూళి గారు బాబాయితో పావుగంట మాట్లాడారు, ఏం మాట్లాడారో ఇద్దరూ చెప్పడం లేదు. పిన్నిని ఆస్పత్రిలో చూపించాం. బొమ్మ ఎవరు పెట్టారో తెలియలేదు. తెలుస్తుందనీ అనుకోను.

నిన్న మధ్యాహ్నం అత్తయ్య ఇంట్లో భోజనం చేశాను. అన్నం పెట్టి, జాడీ మూత మీద చేయి వేసి కాసేపు ఆగింది. ‘నిమ్మకాయ పచ్చడి వేయనా, వద్దా’ అని అడిగింది. రెండుసార్లు వేయించుకున్నాను.

మంజీర_ఒడ్డు · సోమవారం రాత్రి 10:22

బాబాయి గారు వచ్చారా భోజనానికి?

గట్టుమీది_పిట్ట · సోమవారం రాత్రి 10:24

గేటు దాకా వచ్చారు. లోపలికి రాలేదు.

వైండింగు_బాబ్జీ · సోమవారం రాత్రి 10:40

ఫోటో చూశాను. ఆ తీగ రేపే తీయించండి. ఒక ఫేజు పోతే మోటారును ఆపేసే సింగిల్ ఫేజ్ ప్రివెంటర్ ఒకటి పెట్టించండి, ఏది కొనాలో విడిగా రాస్తాను.